వైఎంసీఏలో ఫీజు తగ్గించమని అడగడం నామోషీనా? (కొలంబస్, ఒహాయో)

పాలకొల్లు_పిల్ల:

నమస్తే అండి. కాస్త పొడుగు ప్రశ్న, ఓపిక పట్టండి.

మేం మార్చిలో శాన్‌హోసే నుంచి కొలంబస్ శివార్లకి మారాం. మారాల్సొచ్చింది అంటే సరిగ్గా ఉంటుంది. జనవరిలో మా ఆయన ఉద్యోగం పోయింది. హెచ్1బీ (ఉద్యోగ వీసా) కదా, ఇంకో ఉద్యోగం చూసుకోడానికి 60 రోజుల గడువు. ఇంకా తొమ్మిది రోజులుందనగా ఇక్కడ ఆఫర్ వచ్చింది, జీతం మూడో వంతు తక్కువ. నాది హెచ్4 (ఆయన మీద ఆధారపడ్డ వీసా), ఈఏడీ (పని చేసే అనుమతి కార్డు) లేదు. ఇంట్లో ఆరుగురం: మేమిద్దరం, పద్నాలుగేళ్ళ బాబు, ఎనిమిదేళ్ళ పాప, ఆరు నెలలకని వచ్చిన అత్తయ్య, మావయ్య.

పోయిన నెల ఒకరింట్లో పుట్టినరోజు పార్టీకి వెళ్ళాం. పెరట్లో స్విమ్మింగ్ పూల్ ఉంది. పాప మెట్ల మీద నుంచి జారి నీళ్ళలోకి వెళ్ళిపోయింది. అరుపు లేదు, నీళ్ళు చిమ్మిన చప్పుడు కూడా లేదు. నేను చేతిలో కేక్ ప్లేటు పట్టుకుని రెండడుగుల దూరంలోనే ఉన్నాను. చూస్తున్నాను గానీ కాలు కదల్లేదు. నాకూ ఈత రాదు. పక్కనున్న ఎవరో వంగి జడ పట్టుకుని లాగారు. అంతా కలిపి ఐదు సెకన్లు ఉంటుందేమో. ఇంటికొచ్చాక పాప మామూలుగా ఆడుకుంది. నాకే నిద్ర పట్టడం లేదు.

బాబు స్కూల్ నుంచి వస్తే గదిలోంచి బయటకి రాడు. పాత ఫ్రెండ్స్ అందరూ కాలిఫోర్నియాలో ఉండిపోయారు. మావయ్యకి షుగర్. బయట చలి అని అపార్ట్‌మెంట్ వరండాలో అటూ ఇటూ తిరుగుతుంటే కింద ఇంటివాళ్ళు పైకొచ్చి అంతా బాగానే ఉందా అని అడిగారు.

పక్కింటావిడ వైఎంసీఏకి (ఈత కొలను, ఆటలు, పిల్లల క్లాసులు ఉండే చోటు) వెళ్ళమంది. వెబ్‌సైట్‌లో ఫ్యామిలీ మెంబర్‌షిప్ ఫీజు చూసి గుండె జారింది. కిందనే ఆదాయాన్ని బట్టి ఫీజు తగ్గిస్తామని రాశారు. మా ఆయనకి చూపిస్తే, "అడుక్కునే దాకా వచ్చామా?" అన్నారు. అత్తయ్యేమో అది చర్చి వాళ్ళది కదా, పిల్లల్ని అక్కడికెందుకు అంటున్నారు.

కాబట్టి అడుగుతున్నాను. ఆ తగ్గింపు మాలాంటి వాళ్ళు తీసుకోవచ్చా? రేపు గ్రీన్‌కార్డ్‌కి అడ్డొస్తుందా? మతం గోల ఉంటుందా? నేను అక్కడ వాలంటీర్‌గా చేయొచ్చా?

కోటిలింగాల_రేవు:

చెల్లీ, ఆ కేక్ ప్లేటు దగ్గర ఆగిపోయాను. ముందు ఈత సంగతి చెప్తాను, డబ్బు సంగతి తర్వాత.

నేను రాజమండ్రిలో పుట్టి పెరిగాను. గోదావరి గట్టున పెరిగినదానికి ఈత రాదంటే ఇక్కడివాళ్ళు నమ్మరు. రేవులో ముక్కు మూసుకుని మూడు మునకలు వేయడం తప్ప నాకు నీళ్ళతో వేరే పరిచయం లేదు. అన్నయ్యలకి నేర్పారు, నాకు నేర్పలేదు. 41 ఏళ్ళప్పుడు మా ఊరి వైలో (ఇక్కడ అందరూ 'ద వై' అనే అంటారు) పెద్దవాళ్ళ బిగినర్ క్లాసులో చేరాను. మొదటి రోజు పనల్లా నీళ్ళలో మొహం పెట్టి బుడగలు ఊదడమే. నేను గట్టు అంచు వదలకుండా పావుగంట నిలబడ్డాను. పక్క లేన్‌లో నాలుగేళ్ళ పిల్లలు కప్పల్లా దూకుతున్నారు. టీచరమ్మ నాకన్నా ఇరవయ్యేళ్ళు చిన్నది. నన్ను లాగలేదు, తొందరపెట్టలేదు. పక్కన నిలబడి తనూ బుడగలు ఊదింది. రెండో వారం చెవుల దాకా ముంచాను. ఏడో వారం వెల్లకిలా తేలాను. పైకప్పు దూలాలు లెక్కపెడుతూ తేలుతుంటే ఏడుపొచ్చింది. నీళ్ళలో ఎవరికీ కనపడదులే.

అమెరికాలో ఒకటి నుంచి నాలుగేళ్ళ పిల్లల చావులకి అన్నిటికన్నా పెద్ద కారణం మునిగిపోవడమే. అందుకే వై వాళ్ళు ఈతని ఆటలా కాక, రోడ్డు దాటడం నేర్పినట్టు నేర్పుతారు. నీళ్ళలో పడితే వెనక్కి తిరిగి గట్టు పట్టుకోవడం, వెల్లకిలా తిరిగి ఊపిరి తీసుకోవడం ముందు, స్ట్రోకులు తర్వాత. మీ పాపకి కావల్సింది అదే. మీకూనూ. ఇద్దరూ చేరండి.

బట్టల గురించి మీరు అడగలేదు గానీ నాకు పెద్ద టెన్షన్ అదే. మా బ్రాంచిలో మోకాళ్ళ కింది దాకా వచ్చే స్విమ్ టైట్స్, పొడుగు చేతుల స్విమ్ టాప్ వేసుకోనిస్తారు. కాటన్ లెగ్గింగ్స్, చుడీదార్ మాత్రం కుదరవు, నీళ్ళు పీల్చి బరువెక్కుతాయి. ఈత క్లాసుల రిజిస్ట్రేషన్ ఎప్పుడు తెరుస్తారో కనుక్కుని పొద్దున్నే ఫోన్ పట్టుకుని కూర్చోండి.

ఇక డబ్బు. మేమూ అడిగాం. మా ఆయనకి ఆపరేషన్ అయి నాలుగు నెలలు జీతం లేని ఏడాది. పదో తరగతి సర్టిఫికెట్ నుంచి కరెంటు బిల్లు దాకా ఫైల్లో పెట్టుకుని వెళ్ళాను, మన అలవాటు కదా. అక్కడ డెస్క్ దగ్గరున్నావిడ ఆ ఫైలు చూసి నవ్వి, కిందటేడు ట్యాక్స్ ఫారం 1040, రెండు పే స్టబ్స్ (జీతం చీటీలు) మాత్రం తీసుకుంది. ఎందుకిలా అయిందో చెప్పమని గుచ్చిగుచ్చి అడుగుతుందని బస్సులో వచ్చేటప్పుడు జవాబులు కూడా అనుకున్నాను. అడగలేదు. వారం తర్వాత ఫోన్ చేసి నెలకి ఇంత అని చెప్పింది, మామూలు ఫీజులో సగం కన్నా తక్కువ. నాకిచ్చిన కార్డూ పూర్తి ఫీజు కట్టే డాక్టర్‌గారి కార్డూ ఒకటే. లోపల ఎవరు ఎంత కడుతున్నారో ఎవరికీ తెలీదు.

ఈ డబ్బు ఎక్కడిదంటే, ఏటా సభ్యుల దగ్గర చందాలు వసూలు చేస్తారు. ఇప్పుడు మేం పూర్తి ఫీజు కడుతున్నాం, పైన చందా కూడా వేస్తున్నాం. మీ ఆయనతో ఇలా చెప్పండి: అన్నదానం పంక్తిలో కూర్చుంటే అడుక్కున్నట్టా? వచ్చే ఏడు మనమే వడ్డిద్దాం అనండి.

ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. ఏ ప్రాంతం వై ఆ ప్రాంతానిదే, దేనికదే వేరే సంస్థ. తగ్గింపు లెక్కలు, కాగితాలు మీ బ్రాంచిలో వేరుగా ఉండొచ్చు. అత్తయ్య, మావయ్య ఫ్యామిలీ మెంబర్‌షిప్‌లోకి వస్తారో లేదో కూడా అక్కడే అడగాలి.

బోడుప్పల్_బాలు:

అక్కా, ఇమిగ్రేషన్ సంగతి. పబ్లిక్ ఛార్జ్ (సర్కారు మీద భారమయ్యే మనిషి అని గ్రీన్‌కార్డ్ ఆపడం) అని జనం భయపడేది సర్కారు ఇచ్చే సాయం గురించి. వై లాభాపేక్ష లేని ప్రైవేటు సంస్థ. దాతల చందాలతో ఫీజు తగ్గించడం సర్కారు సాయం కిందికి రాదు. అయినా రూల్స్ మారుతుంటాయి, ఫైల్ చేసే ముందు మీ లాయర్‌కి ఒక్క ఈమెయిల్ కొట్టండి.

వాలంటీర్ పని: మామూలుగా వాలంటీర్లే చేసే పని అయితే హెచ్4 మీద చేయొచ్చు. కానీ మీ గంటలకు బదులు మెంబర్‌షిప్ ఫ్రీ అంటే మాత్రం వద్దనండి. డబ్బు చేతికి రాకపోయినా అది జీతం కింద లెక్కవచ్చు. ఫీజు తగ్గింపుకి ఆదాయాన్ని బట్టి విడిగా అప్లై చేయండి, వాలంటీర్ పని విడిగా చేయండి. రెండిటినీ కలపొద్దు.

ఇంకో ఐడియా. ఎండాకాలం డే క్యాంప్‌లో పాపని వేస్తే ఆ ఫీజు మీ ఆయన కంపెనీలో డిపెండెంట్ కేర్ ఎఫ్ఎస్ఏ (పిల్లల్ని చూసుకునే ఖర్చుకి జీతంలోంచి ట్యాక్స్ పడకుండా పక్కన పెట్టే డబ్బు) నుంచి కట్టొచ్చు, ట్యాక్స్ మిగులుతుంది. మేం ఏటా అదే చేస్తాం.

లెక్కల_మాస్టారు:

బాలూ, తొందరపడ్డావు నాయనా. ఆ ఎఫ్ఎస్ఏ మొగుడూ పెళ్ళాం ఇద్దరూ సంపాదిస్తుంటేనో, ఒకరు ఉద్యోగం వెతుకుతుంటేనో, చదువుకుంటుంటేనో పనికొస్తుంది. మీ ఆవిడ ఉద్యోగం చేస్తుంది కాబట్టి మీకు చెల్లింది. ఈ అమ్మాయికి పని చేసే అనుమతే లేదు. ఆ డబ్బు పక్కన పెట్టించుకుంటే ఏడాది చివర పోగొట్టుకుంటారు. ఇద్దరూ పని చేస్తున్నా పిల్లకి పదమూడు నిండకూడదు, రాత్రి అక్కడే పడుకునే క్యాంప్ కూడా కాకూడదు.

అమ్మా, మీ అత్తగారి అనుమానం న్యాయమైనదే. కొట్టిపారేయొద్దు. వైఎంసీఏ అంటేనే యువ క్రైస్తవుల సంఘం. 1844లో లండన్‌లో జార్జ్ విలియమ్స్ అనే బట్టల కొట్టు కుర్రాడు మొదలుపెట్టాడు, వయసు ఇరవై రెండు. పల్లెల నుంచి వచ్చి కొట్లల్లో రోజంతా పనిచేసే కుర్రాళ్ళకి సాయంత్రం కూర్చోవడానికి మంచి చోటు లేదని. మన హైదరాబాద్ అమీర్‌పేట హాస్టళ్ళ కుర్రాళ్ళని తలుచుకోండి, అర్థమవుతుంది. ఇప్పటికీ అమెరికా వై తన ఆశయంలో క్రైస్తవ సూత్రాలు అనే మాట రాసుకుంటుంది, ఆ వాక్యం చివర 'అందరి కోసం' అనీ ఉంటుంది. గోడ మీద ఎక్కడో ఓ బైబిల్ వాక్యం కనపడొచ్చు. నేను పదకొండేళ్ళుగా వెళ్తున్నాను, నొసట విభూతితోనే. ఎవరూ ఏమీ అనలేదు. ఒకాయన మాత్రం అది సన్‌స్క్రీనా అని అడిగాడు.

మీ మావగారి షుగర్ గురించి. ఆయనది విజిటర్ వీసా కాబట్టి మెడికేర్ (పెద్దవాళ్ళకి ఇక్కడి సర్కారు ఆరోగ్య బీమా) ఊసు లేదు. ఇండోర్ ట్రాక్ మీద నడిస్తే చాలు. నేను చెప్పేది మీ దంపతుల కోసం. చాలా వైలలో డయాబెటిస్ నివారణ క్లాసు ఉంటుంది. ఏడాది కోర్సు, 25 సమావేశాలు. ఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చూపే రక్తపరీక్ష) 5.7 నుంచి 6.4 మధ్య ఉన్నవాళ్ళకి. బరువు లెక్కలో మిగతావాళ్ళకి బీఎంఐ (ఎత్తుని బట్టి బరువు కొలత) కనీసం 25 ఉండాలి, ఆసియావాళ్ళకి 23 ఉంటే చాలు. మనకి సన్నగా ఉన్నా షుగర్ వస్తుందని వాళ్ళకీ తెలిసిందన్నమాట. బరువులో 7 శాతం తగ్గించడం, వారానికి 150 నిమిషాలు ఒళ్ళు కదల్చడం, ఇవే లక్ష్యాలు. ఈ పద్ధతి మీద జరిగిన పెద్ద పరిశోధన 2002లో వచ్చింది. షుగర్ రావడం 58 శాతం తగ్గింది, అరవై దాటినవాళ్ళలో 71 శాతం.

అంకెలు అలా ఉంచండి. ఆ క్లాసులో తిన్నదంతా కొలిచి రాయాలి. నేను 'అన్నం, ఒక కప్పు' అని రాసేవాణ్ణి. ఒకరోజు మా ఆవిడ నిజంగానే కొలిచే కప్పు తెచ్చి నా కంచంలో అన్నం దాంట్లోకి తీసింది. మూడున్నర కప్పులు. అదీ పప్పు, చారుకి మాత్రమే, పెరుగన్నం ఇంకా రాలేదు. ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పినవాణ్ణి, తల ఎత్తలేదు.

రెండో_తరం:

ఆంటీ, నా తెలుగు కొంచెం స్లో. మీ బాబు గురించి మాత్రం చెప్తా. నేనూ అలాగే రూమ్‌లో ఉండేవాడిని.

బాస్కెట్‌బాల్ వైలోనే పుట్టింది, తెలుసా? 1891లో మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో, జేమ్స్ నైస్మిత్ అనే టీచర్ రెండు పీచ్ పళ్ళ బుట్టలు బాల్కనీకి కొట్టాడు. చలికాలం లోపల ఆడుకోవడానికి. వాలీబాల్ కూడా వై వాళ్ళదే, 1895. కానీ నాకు రెండూ రావు. నాకు సెట్ అయింది యూత్ అండ్ గవర్నమెంట్. టీనేజర్లు చట్టం బిల్లు రాసి, స్టేట్ క్యాపిటల్‌కి వెళ్ళి నిజం అసెంబ్లీలాగా డిబేట్ చేస్తారు. 1936లో న్యూయార్క్‌లో మొదలైంది. మా బిల్లు స్కూల్ బస్ స్టాప్స్‌లో లైట్ల గురించి. ఓడిపోయింది. చేతులు వణికాయి, కానీ ఆ రోజు ఫ్రెండ్స్ అయిన ముగ్గురు ఇప్పటికీ ఫ్రెండ్స్.

"నువ్వు వెళ్ళు" అని పంపితే వెళ్ళడు ఆంటీ. తాతగారిని తోడు తీసుకెళ్ళమని చెప్పండి. పని అప్పగిస్తే వెళ్తాడు.

పాలకొల్లు_పిల్ల:

అందరికీ చాలా థాంక్స్ అండి. పది రోజులైంది, ఏమైందో చెప్పకపోతే బాగుండదు.

మాస్టారి విభూతి మాట అత్తయ్యకి చదివి వినిపిస్తే నవ్వారు గానీ మెత్తబడలేదు. అప్పటిదాకా మాట్లాడని మావయ్య, "నేను నారాయణగూడ వైఎంసీఏలో నాలుగేళ్ళు బాస్కెట్‌బాల్ ఆడాను, నీకు చెప్పలేదా?" అన్నారు. నలభై మూడేళ్ళ కాపురంలో చెప్పలేదట. ఆ సాయంత్రం గొడవ మతం మీంచి దాని మీదకి మళ్ళింది.

శనివారం గెస్ట్ పాస్ మీద మావయ్యని, బాబుని పంపాం. తాతకి ట్రాక్ చూపించి రా అని బాబుకి చెప్పాం. మావయ్య ట్రాక్ వదిలేసి కోర్టులోకి వెళ్ళారట, పంచె కాదు గానీ హవాయి చెప్పులతో. ఎవరో బూట్లు లేకుండా ఆడకూడదన్నారు. ఆదివారం బాబే ఆయన్ని షాపుకి తీసుకెళ్ళి బూట్లు కొనిపించాడు.

మా ఆయనకి అన్నదానం పంక్తి మాట చెప్పాను. ఏమీ అనలేదు. రాత్రి పదకొండింటికి చూస్తే ప్రింటర్ దగ్గర 1040 కాగితాలు తీస్తున్నారు. సోమవారం ఇచ్చొచ్చాం, ఇంకా ఫోన్ రాలేదు. పాపకీ నాకూ స్విమ్ క్లాసులో చోటు దొరికింది, మెంబర్లు కానివాళ్ళ రేటుకే.

అక్కా, ఒక్క సందేహం. జుట్టు పొడుగున్నవాళ్ళకి స్విమ్ క్యాప్ ఏది కొనాలి? నాది నడుము దాకా జడ. మామూలు సైజుది తెస్తే పాపా నేనూ ఇద్దరం లాగినా ఎక్కలేదు.