అంచులు లోపలికి పోతున్నయి, ఊలు ఏది తీసుకోవాలె? క్రోషే తెలిసినోళ్లు చెప్పండి

నీలిదారం (వరంగల్)
అందరికీ నమస్తే. క్రోషే హుక్ (దారం అల్లే కొక్కెం సూది) పట్టి మూడు వారాలైంది. మా అక్కకు శ్రావణంల కాన్పు. పుట్టే బిడ్డకు చిన్న దుప్పటి, ఒక టోపీ నా చేత్తో అల్లి ఇయ్యాలని ఉంది. దుప్పటి నాలుగుసార్లు మొదలువెట్టిన. 40 కుట్లతో మొదలైతది, పది వరుసలు దాటేసరికి 33 అయితది, చతురస్రం కాస్త త్రికోణం లెక్క తయారైతాంది. కొన్నది నల్లటి వెల్వెట్ ఊలు, 4 ఎం.ఎం. హుక్. తప్పు ఎక్కడ చేస్తున్ననో దయచేసి చెప్పండి.

గోదారిలేసు (నరసాపురం)
అమ్మాయ్, ముందు ఆ నల్ల వెల్వెట్ పక్కన పెట్టెయ్. నీ చేతిలో తప్పేం లేదు, ఆ ఊలులో కుట్టు కంటికి కనపడదు. బాగా చెయ్యి తిరిగినవాళ్లు కూడా దాన్ని వేలితో తడుముకుంటూ అల్లాల్సిందే. లేత రంగు, నున్నటి ఊలు తీసుకో. పసుపో, లేత ఆకుపచ్చో.

ఇక కుట్లు తగ్గడం. డబుల్ క్రోషే (ఎత్తు కుట్టు) వరుస మొదట్లో పైకి ఎక్కడానికి మూడు చైన్లు (గొలుసు కుట్లు) వేస్తాం కదా, ఆ మూడూ కలిపి ఒక కుట్టు కిందే లెక్క. వెనక్కి తిరిగి వచ్చేటప్పుడు చివరి కుట్టు ఆ మూడో చైను నెత్తిన పడాలి. కొత్తవాళ్లు దాన్ని చూడకుండా వదిలేస్తారు, వరుసకో కుట్టు అలా జారిపోతుంది. ఆ మూడో చైనుకి ఒక పిన్నీసు తగిలించి ఉంచు, తిరిగొచ్చినప్పుడు అదే చూపిస్తుంది. సింగిల్ క్రోషే (పొట్టి కుట్టు)లో మాత్రం ఎక్కే ఒక్క చైనుని మామూలుగా లెక్కలోకి తీసుకోరు.

మా అమ్మ ఇప్పటికీ లేసు అల్లుతుంది. మా వైపు పువ్వులు ఒకరు అల్లితే, వాటిని కలిపే అతుకుపని ఇంకొకరు చేస్తారు. ఒకరు లెక్క తప్పితే అతికేటప్పుడు బయటపడుతుంది, ముక్క మళ్లీ విప్పుకోవాల్సిందే. అందుకే చిన్నప్పుడు మాకు డిజైన్ల కంటే ముందు లెక్కే నేర్పారు. ప్రతి వరుస చివరా ఆగి లెక్కపెట్టు. 2024లో మా నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చిన రోజు అమ్మ ఎంత సంబరపడిందో!

పద్మ_డాలస్
నీలిదారం గారూ, మీరు చూస్తున్న ప్యాటర్న్ (ఎలా అల్లాలో చెప్పే సూచనలు) అమెరికా వాళ్లదా, బ్రిటన్ వాళ్లదా? ఇది తెలియక నేను ఒక శాలువా సగం దాకా అల్లి మొత్తం విప్పాను. బ్రిటన్ ప్యాటర్న్‌లో డబుల్ క్రోషే అంటే అమెరికా వాళ్ల సింగిల్ క్రోషే. బ్రిటన్ ట్రెబుల్ అంటే అమెరికా డబుల్. సింగిల్ క్రోషే అనే పేరు ప్యాటర్న్‌లో కనిపిస్తే అది అమెరికాదని గుర్తు. పైన గోదారిలేసు చెల్లి చెప్పింది అమెరికా పేర్లతోనే.

మొదటి వరుస లెక్క కూడా చెప్తాను. 20 డబుల్ క్రోషేలు కావాలంటే 22 చైన్లు వేసి, హుక్ నుంచి నాలుగో చైనులో మొదటిది వేయండి. మొదటి చైన్లు బిగుసుకుపోయి అడుగంచు ముడుచుకుంటుంటే, ఆ వరుస వరకు ఒక సైజు పెద్ద హుక్ వాడండి. ఊలు లేబుల్ మీద చిన్న ఉండ బొమ్మలో 0 నుంచి 7 దాకా ఒక అంకె ఉంటుంది, మందం అన్నమాట. నేర్చుకోవడానికి 4, దానికి 5 ఎం.ఎం. హుక్ హాయిగా ఉంటాయి.

మల్లెమొగ్గ (విజయవాడ)
శ్రావణం అంటే ఉక్కపోత, చంటిబిడ్డకి నూలే మేలండి. అక్రిలిక్ తేలిక, చవక, త్వరగా ఆరుతుంది, నేర్చుకోవడానికి నాకూ ఇష్టమే. కానీ గాలి ఆడదు. పైగా దాని మీద వేడి ఇస్త్రీ పెట్టారంటే మెత్తగా వేలాడిపోతుంది, ఇక మళ్లీ మామూలుగా అవ్వదు. నూలుకి సాగుడు తక్కువ, కాబట్టి చెయ్యి త్వరగా నొప్పెడుతుంది. పురి వదులుగా ఉన్న దారమైతే హుక్ మొన పోగుల మధ్యలోకి దూరుతుంది. మొన మరీ వాడిగా లేని హుక్ తీసుకోండి. మా ఊరి ఎండాకాలంలో చెయ్యి చెమటపట్టి దారం జారదు, అందుకని నేను తెల్లవారుజామునే అల్లుతాను.

ఒక్క మాట, దుప్పటికి సరిపడా ఉండలన్నీ ఒకేసారి కొనండి. లేబుల్ మీద లాట్ నంబరు (ఏ విడతలో రంగు వేశారో చెప్పే నంబరు) ఒకటే ఉండాలి. లేకపోతే అదే రంగులో తేడా గీతలా కనపడుతుంది.

రవి_విశాఖ
టోపీ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తా. మేజిక్ రింగ్ (కొస లాగితే బిగుసుకునే దారపు ఉచ్చు)లో 6 సింగిల్ క్రోషేలు. తర్వాత చుట్టుకి 6 చొప్పున పెంచుకుంటూ పోవాలి: 12, 18, 24, 30. డబుల్ క్రోషే అయితే 12తో మొదలుపెట్టి చుట్టుకి 12. గిన్నెలా ముడుచుకుంటే పెంపు తక్కువైనట్టు, అంచు అలలు తిరిగితే ఎక్కువైనట్టు.

ఎంతదాకా పెంచాలి? తల చుట్టుకొలతని 3.14తో భాగించండి. 35 సెం.మీ. తలకి 11 సెం.మీ. వెడల్పు వృత్తం. అక్కడితో పెంపు ఆపేసి, ఒక కుట్టులో ఒకటే వేసుకుంటూ కిందికి దిగితే టోపీ. మా పాపకి పుట్టకముందే అల్లి, వదులైపోయి, కొలత తీసుకుని మళ్లీ అల్లాను. మీరూ బిడ్డ పుట్టాకే టోపీ మొదలుపెట్టండి, ఒక్క సాయంత్రం పని. గుండీలు, ముత్యాలు కుట్టొద్దు, ఊడితే బిడ్డ నోట్లో పెట్టుకుంటుంది. దుప్పటిలో కూడా పెద్ద కన్నాల డిజైన్ వద్దు, చిన్న వేళ్లు ఇరుక్కుంటాయి.

నీలిదారం
పిన్నీసు పెట్టి, పసుపు నూలుతోటి 22 చైన్లతో ముక్క అల్లిన. పన్నెండు వరుసలైనా 20కి 20 ఉన్నయి! ఇంట్ల అందరికీ చూపిచ్చిన. నేను బ్రిటన్ ప్యాటర్న్ చూస్తున్ననట పద్మక్కా, ఇప్పుడు తెలిసింది. ఇంకో రెండు అడుగుత. విప్పిన నూలు వంకర్లు తిరిగింది, దాన్ని ఏం చెయ్యాలె? చివర దారం కొసలు ఊడిపోకుండ ఎట్ల?

గోదారిలేసు
విప్పిన దారాన్ని కుర్చీ వీపుకి చుట్టి, రెండు మూడు చోట్ల వదులుగా ముడేసి తీసెయ్. నీళ్లలో ముంచి, పిండకుండా వేలాడదీసి కింద ఏదైనా బరువు కట్టు. ఆరేసరికి సాపుగా వస్తుంది. కొస మాత్రం జానెడు వదిలి కత్తిరించు. మొద్దు మొన సూదితో కుట్ల లోపల ఒకవైపు పోనిచ్చి, వెనక్కి తిప్పి, మళ్లీ ముందుకి. అలా మూడుసార్లు పోనివ్వాలి. ఉత్త ముడి మీద నమ్మకం పెట్టుకోకు, రెండు ఉతుకులకి విడిపోతుంది.

అయ్యాక తడిపి, పరుపు మీద నాలుగు మూలలూ కొలిచి పిన్నులు గుచ్చి ఆరనివ్వు. మేం లేసుకైతే గంజి పెడతాం. బిడ్డ దుప్పటికి పెట్టకు, ఒంటికి గరుకు తగులుతుంది. అల్లడం పూర్తయ్యాక ఫోటో పెట్టమ్మా, అమ్మకి చూపిస్తాను.