గడ్డ తీస్తామని గర్భసంచే తీసేశారు: డాక్టరు ‘నా విచక్షణ’ అంటే సరిపోతుందా?

లంక కుర్రోడు, అమలాపురం: మా అక్క గర్భసంచిలో గడ్డ ఉందంటే, అదొక్కటే తీయడానికి సంతకం పెట్టింది. మత్తు దిగాక తెలిసింది, గర్భసంచే లేదని. 34 ఏళ్లు, పిల్లల్లేరు. అడిగితే ‘లోపల చూశాక ఏది మంచిదో మేమే తేల్చుకుంటాం’ అన్నాడు డాక్టరు.

రాజమండ్రి సర్జన్: లోపల చూశాక ప్లాను మారడం మామూలేనండి. బాధ్యత గల సాటి డాక్టర్లు కొందరైనా అలాగే చేస్తారంటే అది నిర్లక్ష్యం కాదు. 1957 నాటి ఇంగ్లండు కేసులో వచ్చిన బోలమ్ సూత్రం ఇదే. 2005లో జేకబ్ మాథ్యూ కేసులో మన సుప్రీంకోర్టూ ఒప్పుకుంది.

తణుకు ప్లీడరు: అది నిర్లక్ష్యం సంగతి. ఇక్కడ గొడవ అనుమతి గురించి. సమీరా కోహ్లీ కేసులో (2008) పరీక్ష కోసం లాప్రోస్కోపీకి (చిన్న గాటు పెట్టి గొట్టంతో లోపల చూడటానికి) ఒప్పుకున్నావిడకి గర్భసంచి తీసేశారు. ప్రాణానికో ఆరోగ్యానికో ముప్పుండి, ఆగడానికి వీల్లేకపోతేనే అలా చేయొచ్చంది కోర్టు. ‘రోగికి మేలేగా, ఖర్చు కలిసొచ్చిందిగా’ అంటే చెల్లదు.

పాలకొల్లు మెడికల్ షాపు: కేస్ షీట్ తీసుకున్నారా? అడిగిన 72 గంటల్లో ఇవ్వాలండి.

రాజమండ్రి సర్జన్: రక్తం ఆగకపోతే టేబుల్ మీద లేపి అడగమంటారా? మనిషి పోతే అద్దాలు పగలగొట్టేదీ మీరే. మా ఓపీ గది తలుపు ఇప్పటికీ విరిగే ఉంది.

లంక కుర్రోడు: డిశ్చార్జి సమ్మరీలో ‘రక్తస్రావం స్వల్పం’ అని మీవాళ్లే రాశారు. ఒక్క సీసా రక్తం ఎక్కించలేదు. ఎవడో మీ తలుపు విరగ్గొడితే మా అక్క కడుపు కోస్తారా?

రాజమండ్రి సర్జన్: అరిస్తే జవాబు రాదు. ఓటీ బయట ఎవరి చేతా సంతకం పెట్టించలేదా?

లంక కుర్రోడు: బావ పెట్టాడు. అర్జెంటన్నారు, పెట్టాడు. ఆయన్ని లాగకండి.

తణుకు ప్లీడరు: ఆ కేసులో తల్లి చేత పెట్టించారు. రోగి మేజరు, మత్తు దిగాక తనే చెప్పగలదు కాబట్టి అది చెల్లదంది కోర్టు.

రాజోలు రమణి: ఎందుకు లాగకూడదండీ? ‘లేచాక ఆవిణ్ణే అడగండి’ అనడానికి మీ బావగారికి నోరు రాలేదా? నా ఆపరేషనూ అంతే, మా అత్తగారూ మా ఆయనా డాక్టరూ వరండాలో తేల్చేశారు. పొద్దున్నించి ఇన్ని తీర్పులు చెప్పుకున్నారు, కేసు వేయమని మీ అక్క అందా?

లంక కుర్రోడు: అనలేదు. బావ వద్దంటున్నాడు.

తణుకు ప్లీడరు: ఆవిణ్ణే అడగండి. జిల్లా వినియోగదారుల కమిషన్లో కేసు వేయడానికి గడువు రెండేళ్లు. సమీరా గారికి 1995 నాటి ఆపరేషన్‌కి 2008లో దక్కిన పరిహారం 25 వేలు, పైన డాక్టరు ఫీజు రద్దు. అదీ దాచకుండా చెప్పండి.

పాలకొల్లు మెడికల్ షాపు: కేస్ షీట్ కోసం రాసిచ్చి, రసీదు తీసుకోండి. నోటిమాటగా అడిగితే తిప్పుతారు.