మూడు స్విచ్‌ల మీదుగా కొత్త వీల్యాన్ వెళ్లడం లేదు, ట్రంక్ ఎక్కడెక్కడ కావాలి?

ప్రశ్న:
మూడంతస్తుల ఆఫీసు, అంతస్తుకో సిస్కో స్విచ్. కిందిది మధ్యదానికి, మధ్యది పైదానికి ఒక్కో కేబుల్‌తో కలిపి ఉన్నాయి, రెండు లింకులూ ట్రంకే, అంటే ఒకే కేబుల్ మీద పలు వీల్యాన్లు (ఒకే స్విచ్‌ల మీద విడివిడిగా నడిచే నెట్‌వర్క్‌లు) వెళ్లేవి. వీల్యాన్ 10 (సిస్టమ్స్), 20 (ఫోన్లు) బాగానే నడుస్తున్నాయి. కొత్తగా కెమెరాలకు 30 పెట్టాం. కెమెరాలు పై అంతస్తులో, రికార్డరు కింద. పింగ్ (అవతలి పరికరం పలుకుతుందో లేదో చూసే పరీక్ష) వెళ్లడం లేదు, లింక్ లైట్లు మాత్రం అన్నీ వెలుగుతున్నాయి. కెమెరా పోర్టులు కూడా ట్రంక్ చేయాలా? వీల్యాన్లను ఒకదానితో ఒకటి కలిపే రూటర్‌కు ఒక్క కేబుల్ చాలా?

జవాబు 1:
కెమెరాకు ట్రంక్ అక్కర్లేదండి. అది ఒకే వీల్యాన్‌లో ఉంటుంది కాబట్టి యాక్సెస్ పోర్టే సరైనది. ఒకే కేబుల్ మీద రెండు మూడు వీల్యాన్లు వెళ్లాల్సిన చోటే ట్రంక్ కావాలి.

మధ్య స్విచ్‌లో 'షో ఇంటర్‌ఫేసెస్ ట్రంక్' కొట్టండి. కింద మూడు జాబితాలు వస్తాయి: అనుమతించినవి, వాటిలో ఆ స్విచ్‌లో నిజంగా ఉన్నవి, స్పానింగ్ ట్రీ (లూపులు పడకుండా చూసే ప్రోటోకాల్) ఫార్వర్డ్ చేస్తున్నవి. 30 మొదటిదాంట్లో ఉండి రెండోదాంట్లో లేకపోతే, ఆ స్విచ్‌లో వీల్యాన్ 30 సృష్టించనే లేదన్నమాట. నా అనుమానం అదే. యాక్సెస్ పోర్టుకు 30 ఇవ్వగానే పైన, కింద స్విచ్‌లు దాన్ని వాటంతటవే సృష్టించుకుంటాయి. మధ్యలో కెమెరా లేదు కదా, అక్కడ 'వీల్యాన్ 30' అని చేత్తో కొట్టాలి.

మొదటి జాబితాలోనే లేకపోతే 'స్విచ్‌పోర్ట్ ట్రంక్ అలౌడ్ వీల్యాన్ యాడ్ 30'. 'యాడ్' మరిచారో, 10, 20 రెండూ పోయి 30 ఒక్కటే మిగులుతుంది, ఆఫీసంతా ఆగిపోతుంది. దూరం నుంచి చేస్తుంటే ముందు 'రీలోడ్ ఇన్ 10' పెట్టుకోండి. లైన్ తెగినా, సేవ్ చేయలేదు కాబట్టి పది నిమిషాలకు స్విచ్ పాత కాన్ఫిగ్‌తో లేస్తుంది. అంతా బాగుంటే 'రీలోడ్ క్యాన్సిల్' మరవకండి!

జవాబు 2:
రూటర్‌కు ఒక్క కేబుల్ చాలు. ఒక్కో వీల్యాన్‌కు ఒక్కో సబ్‌ఇంటర్‌ఫేస్ (ఆ ఒక్క పోర్టులోనే విడిగా పెట్టే ఊహా పోర్టు), దానికి 'ఎన్‌క్యాప్సులేషన్ డాట్1క్యూ 30' లాంటి లైను. డాట్1క్యూ అంటే డేటా ముక్కకు, అంటే ఫ్రేమ్‌కు, వీల్యాన్ నంబరును ట్యాగ్‌గా తగిలించే పద్ధతి. స్విచ్ వైపు మాత్రం 'స్విచ్‌పోర్ట్ మోడ్ ట్రంక్' అని కచ్చితంగా రాయాలి. రూటర్ డీటీపీ (ట్రంక్ పెట్టుకోవాలా వద్దా అని స్విచ్‌లు తమలో తాము తేల్చుకునే ప్రోటోకాల్) మాట్లాడదు, పోర్టును 'డైనమిక్ ఆటో'లో వదిలేస్తే యాక్సెస్‌గానే ఉండిపోతుంది. కెమెరాలు, రికార్డరు రెండూ 30లోనే ఉన్నాయి కాబట్టి ఆ వీడియో రూటర్ దాకా రాదు, బ్యాండ్‌విడ్త్ దిగులు వద్దు.

ప్రశ్న అడిగినవారు:
మధ్య స్విచ్‌లో రెండో జాబితాలో 30 లేదు. సృష్టించగానే పింగ్ వచ్చింది, థాంక్సండి. కానీ లాగ్‌లో నేటివ్ వీల్యాన్ మిస్‌మ్యాచ్ అని పదేపదే పడుతోంది.

జవాబు 2:
దాన్ని వదిలేయొద్దు. నేటివ్ వీల్యాన్ ట్రాఫిక్ ట్యాగ్ లేకుండా వెళ్తుంది. ఒక చివర 1, ఇంకో చివర 99 ఉంటే ఇటు 1లో బయల్దేరిన ఫ్రేమ్ అటు 99లో పడుతుంది. స్పానింగ్ ట్రీ దీన్ని పసిగట్టి ఆ రెండు వీల్యాన్లనూ ఆ పోర్టులో ఆపేస్తుంది కూడా. రెండు చివర్లా ఎవరూ వాడని ఒకే నంబరు పెట్టండి.

జవాబు 3:
దారిలో పాత మీడియా కన్వర్టర్ (రాగి కేబుల్‌ను ఫైబర్‌తో కలిపే పెట్టె) ఉంటే ఇంకొకటి చూడండి. ట్యాగ్ 4 బైట్లు, దాంతో పెద్ద ఫ్రేమ్ 1518 నుంచి 1522 అవుతుంది. కొన్ని పాత పెట్టెలు దాన్ని పారేస్తాయి. పింగ్ వస్తుంది, వీడియో రాదు. 1472 బైట్ల పింగ్ (హెడర్లు కలిస్తే సరిగ్గా 1518), ముక్కలు చేయొద్దన్న ఆప్షన్‌తో కొడితే తేలిపోతుంది.