వీఎస్ కోడ్‌లో పదకొండు బిల్డ్ టాస్కులు... ఒక్క స్క్రిప్టుతో సరిపెట్టొచ్చా?

ప్రశ్న: అన్నా, ఉబుంటులో సీ ప్రోగ్రాములు ప్రాక్టీస్ చేస్తున్నా. వీఎస్ కోడ్ ఎడిటర్‌లో టాస్కులు రాసుకునే ఫైలు టాస్క్స్ డాట్ జేసన్‌లో ఒక్కో ప్రోగ్రాముకు ఒక్కో బిల్డ్ టాస్క్, అంటే దాన్ని కంపైల్ చేసే ఆదేశం, పెట్టుకుంటూ పోతే పదకొండయ్యాయి. కంట్రోల్ షిఫ్ట్ బీ నొక్కితే ఏది కావాలంటూ చాంతాడంత జాబితా దించుతోంది. ఒక్క ఆప్షన్ మార్చాలన్నా పదకొండు చోట్ల మార్చాలి. దారేమైనా ఉందా?

జవాబు: ఫైలు పేర్లు టాస్కుల్లో రాయడమే చిక్కు తమ్ముడూ. డాలర్ గుర్తు పెట్టి ఫ్లవర్ బ్రాకెట్లలో ఫైల్ అని రాస్తే, ఎడిటర్‌లో అప్పుడు ముందున్న ఫైలు పూర్తి పాత్ అదే వచ్చేస్తుంది. పదింటిని తీసేసి ఒక్కటి ఉంచు. కంపైల్ చేసి నడిపే ఆదేశాలన్నీ బిల్డ్ స్క్రిప్టు అని ఒక ఫైలులో రాసుకో. టాస్కులో కమాండ్ దగ్గర ఆ స్క్రిప్టు పాత్, దానికి అందించే విలువలు రాసే ఆర్గ్స్‌లో ఈ వేరియబుల్. గ్రూప్‌లో కైండ్‌కు బిల్డ్, ఈజ్‌డిఫాల్ట్‌కు ట్రూ ఇస్తే జాబితా బెడద ఉండదు.

కంపైలర్ జీసీసీ, దాని ఆప్షన్లు, అవుట్‌పుట్ పేరు అన్నీ స్క్రిప్టులోకి పోతాయి. అందులో డాలర్ వన్‌కు, అంటే టాస్క్ పంపిన ఫైలు పాత్‌కు, డబుల్ కోట్స్ మరిచిపోకు. ఫోల్డరుకు ‘ల్యాబ్ రికార్డ్’ అని మధ్యలో స్పేస్‌తో పేరు పెట్టావనుకో, కోట్స్ లేకపోతే అది రెండు ముక్కలైపోయి, జీసీసీ అలాంటి ఫైలే లేదంటుంది. మనలో ఈ దెబ్బ తినని వాళ్లు తక్కువ.

ప్రశ్న: పర్మిషన్ డినైడ్ అంటోంది అన్నా.

జవాబు: టెర్మినల్‌లో ఆ స్క్రిప్టు మీద సీహెచ్‌మోడ్ ప్లస్ ఎక్స్ కొట్టు, దాన్ని నడిపే అనుమతి వస్తుంది. ఒక్కసారి చాలు.

ప్రశ్న: నడిచింది! కానీ ఒక వింత. కావాలనే సెమికోలన్ తీసేసి చూశా. ఎర్రర్ చూపిస్తూనే కింద పాత జవాబు కూడా ప్రింట్ చేసింది.

జవాబు: వింతేం కాదు. కంపైల్ ఫెయిలయినా స్క్రిప్టు ఆగదు, తర్వాతి లైనుకు పోతుంది. అది ప్రోగ్రామును నడిపే లైను. నిన్న కంపైలయిన బైనరీ ఇంకా అలాగే ఉంది, దాన్నే నడిపింది. స్క్రిప్టు మొదట్లో ‘సెట్ మైనస్ ఈ’ రాయి, ఎర్రర్ రాగానే ఆగిపోతుంది. ఇది లేక నేనొకసారి సాయంత్రమంతా సరిగ్గా ఉన్న కోడునే దిద్దుతూ కూర్చున్నా.

ఇంకోటి. టాస్కులో ఎర్రర్లను గుర్తుపట్టే ప్రాబ్లమ్‌మ్యాచర్‌కు డాలర్ జీసీసీ అని ఇవ్వు. జీసీసీ తిట్లు ప్రాబ్లమ్స్ ప్యానెల్‌లోకి వస్తాయి, నొక్కితే ఆ లైనుకే తీసుకెళ్తుంది. స్క్రిప్టులో వాటిని లాగ్ ఫైలుకు మాత్రం మళ్లించకు. టెర్మినల్‌లో కనపడకపోతే ప్యానెల్ ఖాళీగానే ఉంటుంది.

ప్రశ్న: లాగ్ ఫైలుకే మళ్లించా అన్నా, ఇప్పుడే తీసేశా. పద్నాలుగో లైను కింద ఎర్ర గీత వచ్చింది!