‘మూస’ అంటే అచ్చేనా? కోనసముద్రం కొలుములు చెప్పే జవాబు

ప్రశ్న: ‘మూస సినిమా’, ‘మూస ధోరణి’ అంటున్నాం. మూస అంటే అచ్చనే కదా? మూసిపెట్టి పోస్తారు కనుక ఆ పేరొచ్చిందంటారు, నిజమేనా?

జవాబు: ‘మూయు’తో దీనికి చుట్టరికం లేదండీ. సంస్కృతంలో ‘మూషా’ అంటే లోహం కరిగించే మట్టిపాత్ర, దాని తద్భవమే మూస. కంసాలి బంగారాన్ని మూసలో కరిగించి అచ్చులో పోస్తాడు. రెండూ పక్కపక్కన ఉండేవే కాబట్టి అర్థం అటు జారినట్టుంది.

ఇంకొకరు: ఉక్కు పనిలో మాత్రం ఆ జారుడు కుదరదు. నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో ఉక్కును పోసేవారే కాదు, మూసలోనే గడ్డకట్టనిచ్చేవారు. సర్వే శాఖ వైద్యుడు, భూగర్భ శాస్త్రవేత్త హెన్రీ వాయ్‌సీ రాసిన వివరం 1832లో అచ్చయింది. మిర్‌ట్‌పల్లి ఇనుము మూడు పాళ్లు, కొండాపురం ఇనుము రెండు పాళ్లు. ఇరవై నాలుగు గంటలు మంట. చల్లారాక మూస పగలగొడితే సుమారు పౌనున్నర బరువున్న బిళ్ల. మూస మళ్లీ పనికిరాదు. పదే పదే ఒకేలా వచ్చేదాన్ని ‘మూస’ అంటున్నాం, అసలు మూసకేమో ఒక్క కాల్పుతోనే ఆయుష్షు తీరేది!

ప్రశ్న: మట్టి అంత వేడికి ఆగుతుందా? మూసలో తంగేడు కట్టె, జిల్లేడాకు వేసేవారని విన్నాను.

జవాబు: అది మైసూరు పద్ధతి. అక్కడ మెత్తని ఇనుముతో పాటు కట్టె, ఆకు వేసి మూత మెత్తేవారు, ఇనుమును ఉక్కుగా మార్చే కర్బనం వాటినుంచి ఎక్కేది. కోనసముద్రంలో రెండు రకాల ఇనుము కలిపి కరిగించడమే కిటుకు. ఇక మూస మట్టిలో ఊక కలిపేవారు. ఊక మాడి బొగ్గు, సిలికా మిగిలి గోడకు బలమిస్తాయి. అయినా మూస చిట్లితే ఉక్కంతా బూడిదలోకి కారిపోతుంది.

బిళ్లను వెంటనే దాగలి మీద పెట్టకూడదు. బంకమట్టి పూసి పన్నెండు నుంచి పదహారు గంటలు కాల్చి చల్లార్చాలి, మెత్తబడేదాకా మూడు నాలుగు సార్లు. ఐరోపా కమ్మరులు చాలామంది తప్పింది తర్వాతి అంకంలో: మామూలు ఇనుములా తెల్లగా కాల్చి కొట్టారు. కర్బనం ఎక్కువున్న ఉక్కు ఆ వేడిలో లోపల్లోపల కరగడం మొదలై, సుత్తి పడగానే పొడిపొడిగా విడిపోతుంది. ఎర్రగా ఉన్నప్పుడే, తొందరపడకుండా సాగగొట్టాలి.

ఇంకొకరు: ఈ ఉక్కుకు ఇంగ్లీషు వాళ్లు వాడిన పేరు ‘వూట్జ్’ మన ‘ఉక్కు’కే వచ్చిన తప్పుడు రూపమని ఎక్కువమంది ఒప్పుకుంటారు. తెలుగుదా కన్నడదా అని కొట్టుకోవడం దండగ, మాట రెండింటిలోనూ ఉంది. కొనడానికి మాత్రం పర్షియాలోని ఇస్ఫహాన్ వర్తకులు వచ్చేవారు, వాయ్‌సీ చూసినప్పుడు ఒకాయన కోనసముద్రంలోనే ఉండి పని చూసుకుంటున్నాడు. కత్తుల కాలం పోయి తుపాకులొచ్చాక, చవక విదేశీ ఉక్కు దిగాక గిరాకీ పడిపోయింది. ఊరు ఉంది, కొలుములే ఆరిపోయాయి.

ప్రశ్న: పొలాల్లో దొరికేది చిట్టెమా, మూస పెంకా? తేడా ఎలా?

జవాబు: చిట్టెం, అంటే ఇనుము తీసేటప్పుడు కారే మలినం, బరువుగా, పారి గడ్డకట్టిన మడతలతో ఉంటుంది. పెంకు తేలిక. విరిచినచోట నల్లగా, ఊక గుర్తులతో కనిపిస్తుంది. లోపలి గోడమీద గాజు అంచు గీతలా ఉంటే అక్కడిదాకా ఉక్కు కరిగి నిలిచిందన్నమాట. ఏరుకుని తేకండి, దొరికిన చోటే ఉంటేనే పరిశోధకులకు పనికొస్తుంది.