కౌలాలంపూర్ నాలుగు రోజులు – అమ్మ మోకాళ్ళ నొప్పులతో ఎట్లా?

కావలి కుర్రోడు:
నమస్తే అండీ. వచ్చే నెల అమ్మను తీసుకుని చెన్నై నుంచి కౌలాలంపూర్ పోతున్నా. అమ్మకి అరవై నాలుగు, మోకాళ్ళ నొప్పులు, శాకాహారి. బాటు గుహల్లో సుబ్రహ్మణ్యస్వామిని చూడాలని ఏడాదిగా అడుగుతోంది. పెట్రోనాస్ జంట టవర్ల పక్కనే హోటల్ తీసుకోమని ఏజెంట్ అంటున్నాడు. అక్కడే దిగాలా? ఆ గుహల మెట్లు అమ్మ ఎక్కగలదా?

మూలాపేట అక్క:
తమ్ముడూ, టవర్ల దగ్గర వద్దు, బ్రిక్‌ఫీల్డ్స్‌లో దిగు. కేఎల్ సెంట్రల్ స్టేషన్ పక్కనే. ఎయిర్‌పోర్టు రైలు ఆడికే వస్తుంది, మొదటి టెర్మినల్ నుంచి 28 నిమిషాలు. బాటు గుహల రైలు కూడా ఆడే ఎక్కాల. వీధిలోకి వస్తే మల్లెపూల అంగళ్ళు, అరిటాకు భోజనాలు. అమ్మకి కొత్త ఉండదు.

మెట్లు 272, బాగా నిటారు. మా అత్తమ్మ పట్టుబట్టి ఎక్కింది. నూరు దాటేసరికి రెయిలింగు పట్టుకుని కూలబడింది. కాళ్ళు వణుకుతుండాయి, కొంగుతో మొహం తుడుచుకుంటా "దిగేదెట్లమ్మా" అనింది. ఎక్కేదానికన్నా దిగడమే కష్టమైంది. మీ అమ్మని ఎక్కించబాక. 140 అడుగుల స్వామి విగ్రహం కిందే ఉండాది, కింద గుళ్ళు కూడా ఉండాయి. పొద్దున్నే పో, ఎండెక్కితే నిలబడలేరు.

ఒక సాయంత్రం మాత్రం మస్జిద్ జామెక్ దగ్గరికి తీసుకుపో. గొంబాక్, క్లాంగ్ ఏర్లు కలిసే చోటు. కౌలాలంపూర్ అంటేనే బురదనీళ్ళ సంగమం అని. 1857లో తగరం కోసం వచ్చినోళ్ళు పడవలు దిగింది ఆ చుట్టుపక్కలే. 1909 నాటి మసీదు, దాని వెనకాల అద్దాల మేడలు. పెన్న గట్టున పెరిగిన దాన్ని, ఆ గట్టు మీద గంటసేపు కదలబుద్ధి కాలేదు నాకు. 452 మీటర్ల జంట టవర్లు కింద పార్కులోంచి చూసినా చాలు.

ఒంగోలు నుంచి:
అక్క చెప్పింది నిజం. తిండి దగ్గర జాగ్రత్త బ్రదర్. నాసి లెమాక్ అని కొబ్బరిపాల అన్నం ఉంటుంది, దాంట్లో వేయించిన నెత్తళ్ళు వేస్తారు, ఆ కారంలోనూ చేపలుంటాయి. రొట్టి చనాయ్ మన పరోటా లాంటిదే, కానీ కొన్నిచోట్ల చేపల పులుసు పోస్తారు. పప్పే పొయ్యమని ముందే చెప్పాలి. ప్రయాణానికి ముందు మూడు రోజుల్లోపు మలేసియా వాళ్ళ డిజిటల్ అరైవల్ కార్డు ఆన్‌లైన్‌లో నింపు, డబ్బులేమీ కట్టక్కర్లేదు. మధ్యాహ్నాలు ఉరుముల వాన, గొడుగు ఉండాల్సిందే.

కావలి కుర్రోడు:
అక్కా, అమ్మకి చదివి వినిపించా. మెట్లు వద్దంటే మొహం చిన్నబోయింది. గుహ అనేది ఒక్కటైనా చూడొచ్చా అంటోంది.

మూలాపేట అక్క:
చూడొచ్చు తమ్ముడూ. రైలు దిగి రాంగానే పెద్ద హనుమంతుడు, పక్కనే రామాయణ గుహ. టికెట్ ఉండాది. లోపల కింద చదునే, రామాయణం బొమ్మలన్నీ నిదానంగా చూడొచ్చు. పైకి పోయే మెట్లు వేరే, ఆ వైపు పోవద్దు. అరటిపళ్ళు చేతికవర్లో పెట్టనీయబాక, కోతులు లాక్కుంటాయి.