స్నోమొబైల్ పార్కింగ్ బ్రేక్: లివర్ పూర్తిగా ఎత్తినా బండి జారుతోంది

వాలువీధి (డులూత్, మిన్నెసోటా):
అందరికీ నమస్కారం. పోయిన వేసవిలో చవగ్గా వస్తే పాత టూ-సీటర్ స్నోమొబైల్ (మంచు మీద నడిచే బండి) ఒకటి కొన్నాను. అసలు బ్రేకు హైడ్రాలిక్, దానితో పేచీ లేదు. పార్కింగ్ బ్రేకు మాత్రం విడిగా కేబుల్ మీద నడుస్తుంది. అమ్మినాయన దాన్ని ఎప్పుడో విప్పేసి, ప్యాడ్లతో సహా సామానంతా ఓ కాఫీ డబ్బాలో పోసి నా చేతికిచ్చాడు. మాన్యువల్‌లో బొమ్మ చూసుకుంటూ బిగించాను. ఇప్పుడు హ్యాండిల్ దగ్గర లివర్ పూర్తిగా ఎత్తినా బండి మెల్లగా జారిపోతోంది. కేబుల్ అడ్జస్టర్ చివరి మర దాకా వచ్చేసింది, ఇక తిరగదు. లివర్ దించాక చూస్తే ప్యాడ్ డిస్కుకి రాసుకుంటున్న చప్పుడు! పట్టమంటే పట్టదు, వదలమంటే వదలదు. కొత్త ప్యాడ్లు వేస్తే సరిపోతుందా? మా వీధి లేక్ సుపీరియర్ వైపు నిటారుగా దిగుతుంది, ఈ బ్రేకు లేకపోతే టెన్షనే.

గోదారిబాబు (హైదరాబాద్):
మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. కారులా గేర్లో పెట్టి ఇంజిన్ ఆపేస్తే బండి నిలబడదా?

పాతస్పానర్ (మార్క్వెట్, మిచిగాన్):
నిలబడదు బాబుగారూ. మన స్కూటీలో లాగే దీనికీ బెల్టు డ్రైవే. ఇంజిన్ స్పీడు తగ్గగానే ముందు క్లచ్ విచ్చుకుని బెల్టును వదిలేస్తుంది. ఇంజిన్ ఆగాక ట్రాక్‌ని, అంటే బండి కింద తిరిగే రబ్బరు పట్టీని, పట్టి ఉంచేది ఏమీ ఉండదు, వాలు ఎటుంటే అటు పోతుంది.

ఇక వాలువీధి తమ్ముడూ, ప్యాడ్లు ఎలాగూ మార్చాల్సిందే. జిడ్డు సామానుతో కలిసి డబ్బాలో పడి ఉన్న ప్యాడ్ నూనె పీల్చేసి ఉంటుంది. పైపైన ఎంత తుడిచినా, వేడెక్కితే లోపలి నూనె మళ్ళీ బయటికొస్తుంది. అయితే కొత్తవి వేసినంత మాత్రాన నీ బాధ తీరదు. ప్యాడ్ దగ్గర ఉన్న సందును కేబుల్ లాగి పూడుద్దామని చూస్తున్నావు. నా గరాజ్‌కి వచ్చే పాత బళ్ళలో సగం ఇదే తంతు.

కేబుల్‌ని రెండు చివర్లా పూర్తిగా వదులు చేసి, కాలిపర్ (ప్యాడ్లని డిస్కుకి నొక్కే భాగం) మీది ఆర్మ్ (కేబుల్ లాగే చిన్న మీట) నుంచి ఊడదియ్యి. కాలిపర్‌ని చేత్తో అటూ ఇటూ జరిపి చూడు. పిన్నుల మీద సాఫీగా జారాలి. తుప్పుతో పిన్నులు పట్టేస్తే ఒక వైపు ప్యాడే డిస్కుకి ఆనుకుని రాస్తూ ఉంటుంది, రెండోది దగ్గరికే రాదు. ఇక పట్టు ఎక్కడిది? పిన్నులు శుభ్రం చేసి, వాటికి మాత్రమే సిలికాన్ గ్రీజు పల్చగా రాయి. డిస్కు మీద బ్రేక్ క్లీనర్ కొట్టి తెల్ల గుడ్డతో తుడువు. గుడ్డకి నలుపు అంటనంత వరకు ఆపకు.

తర్వాత ఆర్మ్. అది పళ్ళున్న షాఫ్ట్ మీద కూర్చుంటుంది, అవునా? విప్పేముందు గుర్తు పెట్టిన పాపాన ఎవరూ పోలేదు కాబట్టి అది పన్ను అటో ఇటో ఎక్కి ఉండొచ్చు. బ్రేకు బిగుసుకునే సమయానికి ఆర్మ్‌కీ కేబుల్‌కీ మధ్య ఇంచుమించు లంబకోణం రావాలి, బలం పూర్తిగా అందేది అక్కడే. అది దాటిపోతే నువ్వు ఎంత లాగినా కేబుల్ సాగడమే తప్ప ప్యాడ్ నొక్కుకోదు.

ఆర్మ్ కుదిరాక, కేబుల్ తగిలించకుండానే కాలిపర్ మీది అడ్జస్టింగ్ బోల్టు తిప్పు. ప్యాడ్ డిస్కుకి తగిలీ తగలగానే ఆపి, డిస్కు స్వేచ్ఛగా తిరిగేంత వెనక్కి తీసుకో. ఆ సందు ఎంతో మాన్యువల్‌లో ఉంటుంది, ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకులు) పెట్టి చూడు. లాక్ నట్ బిగించేటప్పుడు బోల్టు కూడా తిరిగిపోతుంది, రెండో స్పానర్‌తో దాన్ని పట్టుకో. కేబుల్ ఆఖరున. లివర్ దగ్గర కాస్త ఆట ఉంచి, మిగతా వదులు తీసేయి. కేబుల్‌ని ఆర్మ్‌కి తగిలించే క్లెవిస్ పిన్‌కి, అది ఊడిపోకుండా ఆపే కాటర్ పిన్ పాతది వాడకు, కొత్తది వెయ్యి.

పరీక్షకి ఇంజిన్ స్టార్ట్ చెయ్యొద్దు. వెనక స్టాండు వేసి ట్రాక్‌ని చేత్తో తిప్పు.

వాలువీధి:
అన్నా, మీరన్నట్టే కింది పిన్ను తుప్పుతో పట్టేసి ఉంది. సుత్తితో మెల్లగా కొడితే గానీ రాలేదు. ఆర్మ్ ఒక పన్ను వెనక్కి జరిపి, కొత్త ప్యాడ్లు వేశాను. లివర్ సగం ఎత్తేసరికే ట్రాక్ చేత్తో కదలట్లేదు. కానీ వదిలాక ట్రాక్ తిప్పితే డిస్కు ఒకే చోట సన్నగా రాస్తోంది.

పాతస్పానర్:
ఒకే చోటంటే డిస్కు మీద తుప్పు దిమ్మ ఉండాలి, లేదా డిస్కు వంగి ఉండాలి. వేలి గోరు పెట్టి చూడు. గోరుకి తగిలితే తుప్పే, ఎమెరీ పేపర్‌తో పోతుంది. గోరుకి ఏమీ తగలకుండా ఇంకా రాస్తుంటే డిస్కు వంపు కొలిపించు. సందు పెంచి సర్దేద్దామనుకుంటే మళ్ళీ మొదటికొస్తావు.

చలిపులి (విన్నిపెగ్):
ఇంకో మాట. తిరిగొచ్చాక తడి డిస్కు మీద పార్కింగ్ బ్రేకు వేసి రాత్రంతా బయట వదిలేయకండి. మైనస్ 20లో ప్యాడ్లు డిస్కుకి గడ్డకట్టి అతుక్కుపోతాయి. కేబుల్ తొడుగులోకి నీళ్ళు దిగినా అంతే, లివర్ దించినా బ్రేకు వదలదు. అలాగే నడిపితే డిస్కు కాలిపోతుంది. బండిని సమతలం మీద పెట్టి బ్రేకు వదిలేయడం మేలు.

వాలువీధి:
గరాజ్‌లో సమతలం ఉంది, రాత్రిళ్ళు అక్కడే పెడతాను. గోరుకి తగిలింది అన్నా, తుప్పే. ఎమెరీ పేపర్ తేవడానికి వెళ్తున్నా.